నిప్పడిగిన పుల్లయ్య

పుల్లయ్య చేసే ఉద్యోగం ఏమిటో వాళ్ల అమ్మకు చాలాకాలం అంతుపట్టలేదు. పులివెందుల పక్కన మెట్టపల్లె వాళ్లది. కొడుకు అనంతపురంలో చదివి, మద్రాసులో ఇంకా పెద్ద చదువు చదివి, కర్నూలులో సర్కారు సర్వే ఆఫీసులో కుదురుకున్నాడంటే, లక్ష్మీదేవమ్మ అది భూములు కొలిచే సర్వే అనుకుంది. గొలుసు పట్టుకుని గట్ల వెంట తిరిగే పనికి మద్రాసు దాకా పోవాలా అని లోపల్లోపల బాధపడింది కూడా. సెలవుకు వచ్చినప్పుడు పుల్లయ్య విడమరిచి చెప్పాడు. తను చదివింది అర్థశాస్త్రం. తను కొలిచేది భూములు కాదు, సంసారాలు. ఎవరింట్లో ఎంతమంది ఉన్నారు, ఏం పని చేస్తారు, ఏం పండింది, ఏం కొన్నారు, పూటకు ఏం వండుకున్నారు, ఇవన్నీ ఇంటింటికీ పోయి అడిగి పైకి చెప్పాలి. దాన్నిబట్టి సర్కారు ఏ ఊరికి ఏం చేయాలో చేస్తుంది.

లక్ష్మీదేవమ్మ అంతా విని చేటలో కొర్రలు చెరుగుతూనే అంది, "సంసారం గుట్టు, రోగం రట్టు అంటారు నాయనా. నువ్వడిగితే మాత్రం ఎవురు చెప్తారు?"

పుల్లయ్య నవ్వాడు. చదువుకున్న కొడుకులు చదువుకోని తల్లులను చూసి నవ్వే నవ్వు అది. అందులో ప్రేమ ఉంటుంది గాని, వినడం ఉండదు.

నిజానికి అతడు చెడ్డవాడు కాదు, గర్విష్ఠి కూడా కాదు. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి ఒంటి చేత్తో సేద్యం చేయించి చదివించింది. మద్రాసులో తక్కిన పిల్లలు ఓడరేవుల గురించీ బ్యాంకుల గురించీ పెద్ద పెద్ద వ్యాసాలు రాస్తుంటే, పుల్లయ్యకు మాత్రం ఎప్పుడూ కుండల మీదే ధ్యాస. ఏ కుండలో ఏముందో తెలియకుండా దేశం సంగతి ఏం తెలుస్తుందని అతని వాదన. వాళ్ల పంతులు ఒకాయన ఈ మాట మెచ్చుకుని, "అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే కుండంతా కెలకనక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. నీ శాస్త్రమంతా ఆ మెతుకును సరిగ్గా పట్టుకోవడమే" అన్నాడట. పుల్లయ్య ఆ మాటను మంత్రంలా పట్టుకున్నాడు. అయితే మెతుకు పట్టాలంటే ముందు కుండలో అన్నం ఉండాలన్న సంగతి పంతులూ చెప్పలేదు, శిష్యుడూ అడగలేదు.

పంతొమ్మిది వందల యాభై రెండు వచ్చేసరికి సీమలో వానలు వరసగా మొహం చాటేసి ఉన్నాయి. బావుల్లో అడుగు రాళ్లు తేలాయి. జనం బలుసాకు దూసుకుని తిన్నారు, చింతపిక్కలు నానబెట్టి దంచుకుని తిన్నారు. బతికుంటే బలుసాకు తినొచ్చని సామెత చెప్పిన మహానుభావుడికి ఆ బలుసాకు కూడా ఎండిపోయే ఏడు ఒకటొస్తుందని తోచి ఉండదు. సర్కారు అక్కడక్కడా గంజి కేంద్రాలు తెరిచింది. పెద్ద గంగాళాల్లో జావ కాచి, వచ్చినవాళ్లకు ఒక పూట పోసేవాళ్లు. అయితే ఊళ్లు ఎక్కువ, గంగాళాలు తక్కువ. ఎక్కడ జనం మరీ పస్తులుంటున్నారో చూసి అక్కడికి కేంద్రాన్ని మార్చాలన్నారు. అది తేల్చే పని సర్వే ఆఫీసు మీద పడింది. కోడుమూరు పడమటి పల్లెలు పుల్లయ్యకు వచ్చాయి.

అడగవలసిన ప్రశ్న తయారు చేసింది కూడా పుల్లయ్యే. "కేంద్రంలో పోసిన గంజి కాక, నిన్న ఇంట్లో వండుకుని ఎన్ని పూటలు తిన్నారు?" సూటిగా, తేలిగ్గా ఉంది. పై ఆఫీసరు చూసి బాగుందన్నాడు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాడు. ఎందుకడుగుతున్నారో చెప్పొద్దు. చెప్తే గంజి పోతుందేమోనని తిన్నవాడు కూడా తినలేదంటాడు. పుల్లయ్య సరేనన్నాడు. ఆ రోజు ఆ గదిలో ఉన్న చదువరులందరికీ ఒకటే భయం, జనం లేని ఆకలి ఉందని చెప్తారేమోనని. ఉన్న ఆకలి లేదంటారన్న అనుమానం ఒక్కరికీ రాలేదు.

ఈరన్నదొడ్డి కోడుమూరుకు పడమట ఉన్న చిన్న ఊరు. నల్లరేగడి నోరు తెరిచి బీటలు వారి ఉంది. ఊరి చివర బోదగడ్డి కప్పిన కొట్టం కింద గంజి కేంద్రం నడుస్తోంది. ఊరి తలారి పెద్ద ఈరన్న కర్ర పట్టుకుని పుల్లయ్యను ఇల్లిల్లూ తిప్పాడు. గుమ్మం ముందు నిలబడి "సర్కారు అయ్యవారు వచ్చినాడు, అడిగిందానికి చెప్పండి" అని కేకేసేవాడు. పుల్లయ్య అడిగేవాడు. వాళ్లు చెప్పేవాళ్లు.

కూలివాళ్ల వీధిలో ఒక ఇంటి అరుగు మీద గంగక్క అనే ముసలామె కూర్చుని ఉంది. కొడుకు దేవేంద్రప్ప తుంగభద్ర కట్ట పనికి పోయి చాలాకాలమైంది. ఇంట్లో గంగక్క, కోడలు ఉరుకుందమ్మ, ఇంకా నడక రాని మనుమరాలు. ఉరుకుందమ్మ బిడ్డను చంకలో వేసుకుని వాకిలిపట్టె పట్టుకుని నిలబడింది. గంగక్క బుగ్గలు లోపలికి పోయి ఉన్నా కొంగు నిండుగా కప్పుకుని, నెరిసిన జుట్టు తడిచేత్తో దువ్వుకుని, ఎవరో చుట్టం వచ్చినట్టు సర్దుకు కూర్చుంది.

"నిన్న ఇంట్లో ఎన్ని పూటలు బువ్వ తిన్నారవ్వా?" అని అడిగాడు పుల్లయ్య.

"తింటిమి నాయనా," అంది గంగక్క.

"రెండు పూటలా?"

"రెండు పూటలా తింటిమి."

ఉరుకుందమ్మ అత్త వైపు చూసింది. పుల్లయ్య ఆ చూపును చూశాడు గాని, కోడలికి అత్తంటే భయం కాబోలు అనుకున్నాడు.

"నువ్వు తింటివా నాయనా?" అని గంగక్క తిరిగి అడిగింది. "మొగం వాడిపోయింది. ఎండలో వస్తివి."

పొద్దున కోడుమూరులో తాగిన కాఫీ తప్ప పుల్లయ్య కడుపులో ఏమీ లేదు. కానీ సర్వే చేసే ఇంట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టుకోకూడదని ఆఫీసు నియమం. ఆ నియమం లేకపోయినా తన కులంవాళ్లు ఆ వీధిలో తినరు. "తింటి అవ్వా, తినే వస్తి," అన్నాడు నవ్వుతూ. ఇద్దరూ ఒకరికొకరు అబద్ధం చెప్పుకున్నారు. అది అబద్ధమని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఆ ఊళ్లో, ఆ మాటకొస్తే పుల్లయ్య పుట్టిన ఊళ్లో కూడా, ఆ ప్రశ్నకు ఆ జవాబే ఉంది.

ఇంటి తర్వాత ఇల్లు, అదే మాట. తింటిమి. తింటిమి సామీ. రెండు పూటలా తింటిమి. తన కడుపుకు వ్యతిరేకంగా ఎవడైనా అబద్ధం చెప్తాడా అన్నది పుల్లయ్య లెక్క. అందుకే రెట్టింపు నమ్మాడు. ఈరన్నదొడ్డిలో పరిస్థితి ఓ మాదిరిగా ఉందని, కేంద్రాన్ని ఇంకా అవసరమున్న ఊరికి మార్చవచ్చని రాసి సంతకం చేశాడు. మెతుకు సామెతను కూడా అందులో చేర్చాడు. ఆఫీసరు మెచ్చుకున్నాడు. కొద్దిరోజులకు గంగాళాలు బండెక్కి వేరే ఊరికి పోయాయి.

తర్వాత పుల్లయ్య రెండు దినాలు సెలవు పెట్టి ఇంటికి పోయాడు. మధ్యాహ్నం వేళ బస్సు దిగి నడిచి వచ్చేసరికి లక్ష్మీదేవమ్మ కొట్టంలో ఎద్దుల ముందు నిలబడి ఉంది. ఎద్దులు చొప్ప నములుతున్నాయి. అమ్మ చిక్కింది. ఎండకాలం కదా అనుకున్నాడు.

"అమ్మా, బువ్వ తింటివా?"

"ఇప్పుడే తింటి నాయనా. నువ్వు కాళ్లు కడుక్కో, నీకింత వండుతా."

పుల్లయ్య చెంబు కోసం వంటింట్లోకి పోయాడు. పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. బూడిదలో ముడుచుకుని హాయిగా నిద్రపోతోంది. పొయ్యిలో పిల్లి లేవలేదు అంటారు మనవాళ్లు, ఒక ఇంట్లో వంట జరగలేదని చెప్పడానికి. పుల్లయ్య ఆ మాటను పుట్టినప్పటి నుంచి వింటున్నాడు. కళ్లారా చూడడం మాత్రం అదే మొదలు. వంగి పిల్లి పక్కన బూడిదలో చేయి పెట్టాడు. చల్లగా ఉంది.

బయటికి వచ్చాడు. "పొయ్యి ఎలిగించి ఎన్నాళ్లాయమ్మా?"

"ఏందా అడగడం? ఒంటిదాన్ని. ఒకసారి వండుకుంటే ఎన్నో పూటలొస్తాది," అని కసురుకుంది ఆమె. కొడుకు పంపిన డబ్బు చొప్పకు పెట్టిందని మెల్లగా బయటపడింది. వాన పడితే దున్నడానికి ఎద్దులుండాలి కదా. ఎద్దుకు ఆకలైతే అరుస్తుంది, మనిషైతే ఓర్చుకోవచ్చు.

"మరి తింటి అని నాకెందుకు అబద్ధం చెప్తివి?"

లక్ష్మీదేవమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "అబద్ధమేంది? బువ్వ తింటివా అని అడిగితే తింటి అనక ఏమంటారు? లేదంటే పెట్టమని అడిగినట్టు కాదూ?"

"నేను నీ కొడుకునే గదా!"

"కొడుకైతే మాత్రం," అంది లక్ష్మీదేవమ్మ.

పుల్లయ్య కొట్టం గుంజకు ఆనుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఈరన్నదొడ్డి వాకిళ్లన్నీ కళ్ల ముందు తిరిగాయి. తను అడిగింది సర్కారు ప్రశ్న అనుకున్నాడు. వాళ్లు విన్నది పలకరింపు. పలకరింపుకు పలకరింపు చెప్పారు. ఆ పలకరింపు మీద తను గంగాళాలు ఎత్తించేశాడు. అమ్మ వండిన కొర్రన్నం ఆ రోజు గొంతు దిగలేదు. మరునాడు ఉండకుండానే కర్నూలు బస్సెక్కాడు.

పై ఆఫీసరు దుర్మార్గుడేం కాదు. ఓపిగ్గా విన్నాడు. విని, "అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. వీళ్లు మనం అడిగినా చెప్పరా? మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటే ఇదే కదా!" అన్నాడు.

"అది సోకు కాదు సార్. పరువు."

"కావచ్చు. నీ అనుమానం నిజమే కావచ్చు. కానీ రుజువేది? మళ్లీ పోయి మళ్లీ అదే అడుగుతావా? మళ్లీ తింటిమి అనే కదా చెప్తారు. వంటింట్లో దూరి కుండలు చూస్తావా?"

 పుల్లయ్య సెలవు చీటీ ఇచ్చి ఈరన్నదొడ్డికి బయల్దేరాడు. ఏం చేయాలో తెలియదు. పోకుండా ఉండడం మాత్రం చేతకాలేదు.

రొట్టెలు కాల్చే పొద్దుకు ఊరు చేరాడు. ఏ ఊళ్లోనైనా ఆ వేళకు రొట్టె తట్టే చప్పుడు వినపడుతుంది, పొగ వాసన వస్తుంది. ఈరన్నదొడ్డిలో రెండూ లేవు. తలారి పెద్ద ఈరన్న ఎదురొచ్చి పక్కనే నడిచాడు. చెవి మీద నుంచి బీడీ తీసి, అలవాటుగా ఒక వాకిట్లో ఆగి, "అమ్మా సుంకులమ్మా, అగ్గి ఉండాదా?" అని కేకేశాడు.

"యాడ అగ్గి అప్పా," అంది లోపలి నుంచి ఆడగొంతు. "పొయ్యి ఎలిగించి మూడు దినాలాయ. పై ఇంట్లో అడుగు."

పెద్ద ఈరన్న పక్కనున్న పై ఇంటికి పోయాడు. అక్కడా లేదు. "మాకే లేదప్పా, నీకు యాడ తెద్దు." ఆ పై ఇంట్లోనూ అంతే. ఎవరి గొంతులోనూ సిగ్గు లేదు, దాపరికం లేదు. చేబదులు చింతపండు లేదన్నంత మామూలుగా చెప్పేస్తున్నారు. పుల్లయ్య వీధి మధ్యలో ఆగిపోయాడు. సుంకులమ్మ పోయిన సారి తనతో రెండు పూటలా తింటిమి అన్న మనిషే. బువ్వ సంగతి అడిగితే గుట్టు. అగ్గి సంగతి అడిగితే గుట్టేముంది? అగ్గి అడిగేవాడు యాచించేవాడు, లేదని చెప్పేది ఇంటి యజమానురాలు. ఎవరి పరువు వాళ్ల దగ్గరే ఉంటుంది.

"ఈరన్నా, నాకొక బీడీ ఇయ్యి," అన్నాడు పుల్లయ్య.

"నువ్వు తాగవు గదయ్యా!"

"ఈ పొద్దు నుంచి తాగుతా."

తలారిని వెనక్కి పంపేసి, ఒంటరిగా, ఆ బీడీ పట్టుకుని కూలివాళ్ల వీధిలోకి పోయాడు. గంగక్క అరుగు ఖాళీగా ఉంది. ఉరుకుందమ్మ వాకిట్లో కూర్చుని బిడ్డను ఒళ్లో వేసుకుని ఉంది. బిడ్డ ఏడవడం లేదు. ఆ వయసు బిడ్డ ఏడవకుండా అట్లా చూస్తూ ఉంటే చూసేవాడికి భయం వేస్తుంది.

"అగ్గి ఉండాదా అమ్మా?" అన్నాడు పుల్లయ్య. 

ఉరుకుందమ్మ తలెత్తి అతని చేతిలో బీడీని చూసింది, మొహం చూసింది. బీడీ పట్టుకునే తీరు కూడా తెలియని ఆ వేళ్లను చూసింది. "అగ్గి లేదు నాయనా," అంది.

"నిన్న?"

"నిన్న కూడా లేదు. మొన్న కూడా లేదు. గంజి పాయ గదా."

"అవ్వ యాడ?"

"మా అత్త సచ్చిపాయ."

పుల్లయ్య అరుగు మీద కూర్చోబోయి, అది గంగక్క కూర్చున్న చోటని గుర్తొచ్చి నేల మీద కూలబడ్డాడు. గంజి ఉన్నన్నాళ్లు అత్త తన వంతు గంజి బిడ్డకే పోసేది అని చెప్పింది ఉరుకుందమ్మ. గంజి పోయాక కలికానికి కూడా ఏమీ మిగల్లేదు. "పొయ్యే ముందు దినం పక్కింటి నాగక్క వచ్చి పలకరించ్య. బువ్వ తింటివా గంగక్కా అన్యాది. కండ్లు కూడా తెరవలేదు మా అత్త. తింటి అన్యాది." ఉరుకుందమ్మకు ఏడుపు రాలేదు. పుల్లయ్యకు వచ్చింది. ఎందుకేడుస్తున్నాడో ఆమెకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. తన సంతకం వల్ల గంగాళాలు పోయాయని ఆ వాకిట్లో చెప్పగలిగిన ధైర్యం ఎవరికుంటుంది? అతనికి లేదు.

సెలవున్నన్ని దినాలూ ఆ పల్లెలన్నీ నిప్పడుగుతూ తిరిగాడు. శుక్రవారం మాత్రం పోలేదు. లక్ష్మి పోతుందని ఆ రోజు ఉన్నవాళ్లు కూడా నిప్పు బయటికి ఇవ్వరు. ఎక్కడైనా కణిక దొరికితే ముట్టించి పీల్చి, ఉక్కిరిబిక్కిరై దగ్గేవాడు. "తాగను రాదు గాని బీడీ మాత్రం కావాల," అని ఆడవాళ్లు కరువులో కూడా నవ్వారు. దొరికింది తక్కువ సార్లే. ఈరన్నదొడ్డిలో నిప్పున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

ఆఫీసరు ఆ వివరం చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది అర్థశాస్త్రమా, బీడీల బేరమా పుల్లయ్యా? పైవాళ్లు నవ్వరూ?"

"నవ్వనీ సార్. గంజి పంపితే చాలు."

"దీన్ని పైకి పంపాలంటే ముందు పంపింది తప్పని రాసివ్వాలి. ఒక్క ఈరన్నదొడ్డే కాదు, నువ్వు చూసిన ఊళ్లన్నీ తప్పే అవుతాయి. ప్రశ్న తయారు చేసింది నువ్వు, అడిగింది నువ్వు. నీ సంతకం నువ్వే కొట్టేసుకుంటే రేపు నీ మాట ఎవరు నమ్ముతారు? ఇంకా చిన్నవాడివి. ముందు చాలా ఉంది నీకు."

అది బెదిరింపు కాదు. ఆయన నిజంగా అతని మంచి కోరే చెప్పాడు. పుల్లయ్యకూ తెలుసు. ఆ మద్రాసు చదువు కోసం అమ్మ అమ్మిన గాజులు గుర్తొచ్చాయి. ఈ ఉద్యోగం చూసి పిల్లనిచ్చిన మామ గుర్తొచ్చాడు. గంగక్క తడిచేత్తో దువ్వుకున్న జుట్టు కూడా గుర్తొచ్చింది. కలం అడిగి తీసుకున్నాడు. నేను పంపిన లెక్క తప్పు, తప్పు నాది, ప్రజలది కాదు అని రాసి సంతకం చేశాడు.

గంజి తిరిగి వచ్చింది. ఆ ఏడు ఈరన్నదొడ్డిలో ఉరుకుందమ్మ బిడ్డ బతికింది. పుల్లయ్య సర్వీసులో మాత్రం ఒక మచ్చ పడింది. పనిలో నిలకడ లేనివాడని. మరుసటి ఏడు ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయింది. ఊరంతా డేరాలు లేచాయి. డేరాల్లో కూర్చుని పెద్ద పెద్ద ఆఫీసులు నడిచాయి. కొత్త పోస్టులు ఎన్నో వచ్చాయి. పుల్లయ్య దగ్గర పని నేర్చుకున్న రామకృష్ణ అతని మీద అధికారిగా వచ్చాడు. మంచివాడే, మొహమాటపడుతూ "అన్నా" అనే పిలిచేవాడు. యాభై ఆరులో రాజధాని హైదరాబాదుకు తరలిపోతే ఫైళ్లతో పాటు రామకృష్ణ కూడా పోయాడు. పుల్లయ్యను రమ్మన్నవాళ్లు లేరు. కర్నూలులోనే ఉండిపోయి, కర్నూలు, కడప పల్లెలు తిరుగుతూ కాలం గడిపాడు.

భార్య వెంకటలక్ష్మమ్మకు మొదట్లో కష్టంగానే ఉండేది. తోటివాళ్ల భార్యలు హైదరాబాదు కబుర్లు చెప్తుంటే మనసు చివుక్కుమనేది. "మీరొక్కరే నిజం చెప్పకపోతే సీమ మునిగిపోయేదా?" అని ఒకసారి అడిగేసింది కూడా. ఆ రోజే పుల్లయ్య ఆమెకు గంగక్క సంగతంతా చెప్పాడు. తర్వాత ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. జుబ్బా జేబులో బీడీల వాసనకు మాత్రం ముక్కు మూసుకునేది. "తాగేది లేదు, మానేది లేదు, ఎందుకండీ ఈ కంపు" అని సణిగేది.

కొత్తగా పనిలో చేరినవాళ్లకు పుల్లయ్య మొట్టమొదట చెప్పేది ఒకటే. బువ్వ తిన్నారా అని ఎవరినీ అడగొద్దు. ఆ ప్రశ్నకు ఈ నేల మీద జవాబు లేదు. వాళ్లు వింతగా చూసేవాళ్లు. కొందరు వెనక నవ్వుకునేవాళ్లు, "నిప్పుల అయ్యవారు" అని పేరు కూడా పెట్టారు. ఆ పేరు అతని చెవిన పడింది. 

కోడుమూరు వైపు ఎన్నిసార్లు పోయినా ఈరన్నదొడ్డి కూలివాళ్ల వీధిలో మాత్రం అడుగు పెట్టలేకపోయాడు. చెప్పవలసిన మాట ఒకటి అక్కడ మిగిలిపోయింది. దాన్ని దాటిపోయిన ప్రతిసారీ అది ఇంకాస్త బరువెక్కింది.

యాభై ఎనిమిదిలో కోడుమూరు పక్క వానలు బాగా పడ్డాయి. కొర్ర కోతలై, జొన్న పొట్టకు వచ్చి ఉంది. ఇక ఆగలేక ఒక పొద్దున పుల్లయ్య ఆ వీధిలోకి పోయాడు. ఇంటింటా పొగ లేస్తోంది. రొట్టెలు తట్టే చప్పుడు వీధి పొడుగునా వినిపిస్తోంది. ఉరుకుందమ్మ ఇంటి ముందు అరుగు కొత్తగా అలికి ఉంది. దేవేంద్రప్ప చేనికి పోయాడు. ఒక ఆడపిల్ల కోడిని తరుముతూ వీధి మలుపు తిరిగింది.

ఉరుకుందమ్మ అతన్ని చూసి గుర్తుపట్టింది. పలకరించలేదు. లోపలికి పోయి, ఒక కుండపెంకు మీద ఎర్రటి నిప్పుకణిక పెట్టుకుని వచ్చి అతని ముందు చాచింది.

"అగ్గి ఉండాది నాయనా," అంది.

పుల్లయ్య పెంకు అందుకున్నాడు. జేబులు తడుముకున్నాడు. ఆ ఏడు పంటలు పండాక బీడీలు పెట్టుకోవడం మానేశాడు. వేళ్లకు వేడి తగులుతున్నా పెంకు కింద పెట్టలేదు.

"బీడీ లేదా?"

"మానేస్తినమ్మా."

"నీకెప్పుడు వచ్చ గనక తాగను," అంది ఉరుకుందమ్మ. "ఆ పొద్దు నువ్వడిగింది అగ్గి కాదని నాకు తెలుసు. అందుకే చెప్తి. లేకుంటే నిన్నటి సంగతి, మొన్నటి సంగతి అగ్గి అడిగినోనికి ఎవురన్నా చెప్తారా?"

పుల్లయ్యకు ఆ మాట ఆసరా అయింది. ఏళ్ల తరబడి మోసింది దించాడు. "అమ్మా, గంజి కేంద్రం పోయింది నా వల్ల. అవ్వ తింటిమి అంటే నిజమని రాస్తిని. నేను రాసిందానికే ఎత్తేసినారు."

ఉరుకుందమ్మ వీధి వైపు చూసింది. "అదీ తెలుసు. తలారి చెప్య. నువ్వడిగితివి, మా అత్త అట్లా అనె. నేను పక్కనే ఉంటి, నేను నోరు తెరిచి లేదనలేదు. అత్త పరువు తీస్తానా?" అని ఆగింది. "తప్పు నీది కాదని అనలేను నాయనా. అంతా నీదే అని కూడా అనలేను."

 క్షమించానని అనలేదు, పొమ్మనీ అనలేదు. పుల్లయ్య పెంకు కింద పెట్టి, వేళ్లు నేలకు ఆనించి చల్లార్చుకున్నాడు. ఇంక లేచి పోవడమే మిగిలిందనుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

ఉరుకుందమ్మ కూడా లేచింది. ఇంటికి వచ్చి పోయే ఏ మనిషినైనా అడిగే మాట, అత్త నోటి నుంచి నేర్చుకున్న మాట, అలవాటుగా అడిగింది.

"బువ్వ తింటివా నాయనా?"

తింటి అన్న మాట పుల్లయ్య నాలుక చివరిదాకా వచ్చేసింది. పుట్టినప్పటి నుంచి అక్కడ కాపురముండే మాట అది. అమ్మ నోట విన్నాడు, గంగక్క నోట విన్నాడు. చచ్చిపోతూ కూడా గంగక్క వదలని మాట. పొద్దున లేచి ఏమీ తినకుండా బయల్దేరాడు. ఎదురింటి వాకిట్లో పెద్ద ఈరన్న బీడీ ముట్టించుకుంటూ ఇటే చూస్తున్నాడు.

"లేదమ్మా," అన్నాడు పుల్లయ్య. "తినలేదు. ఆకలైతాంది. ఇంత పెట్టు."

ఉరుకుందమ్మ అతన్ని తేరిపార చూసింది. ఆ వీధిలో ఆ మాటకు ఆ జవాబు ఎవరూ విని ఉండరు.  కొంగుతో మొహం అదిమి తుడుచుకుని, "కూర్చో," అని గంగక్క కూర్చునే అరుగు చూపించింది. లోపలికి పోయింది. కాసేపటికి రొట్టె తట్టే చప్పుడు మొదలైంది.

పుల్లయ్య అరుగు మీద కూర్చున్నాడు. ఉరుకుందమ్మ జొన్నరొట్టె మీద గోంగూర పచ్చడి వేసి తెచ్చిపెట్టింది. వేడివేడిగా ఉంది. కళ్లలో నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండానే తిన్నాడు. ఆమె రెండో రొట్టె తెచ్చి వేసింది. అతడు వద్దనలేదు.